పన్నెండు మెట్ల కిన్నెర

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మా భట్టిప్రోలు ఆడవాళ్ళకి ఇదివరకు వారపత్రిక తోడు. ఇప్పుడు సెల్‌ఫోను. దీనికో గుణం ఉంది. మాగాయ ఎలా కలపాలో చూద్దామని తెరుస్తామా, మాగాయతో ఊరుకోదు. "వచ్చారుగా, ఇదికూడా చూసి వెళ్ళండి" అంటూ పక్కింటి పిన్నిగారిలా చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతుంది.

అలా కూర్చోబెట్టి నాకు చూపించిన మనిషి దర్శనం మొగులయ్యగారు. నాగర్‌కర్నూలు జిల్లా ఆయన. చేతిలో కిన్నెర. వెదురుకి సొరకాయ బుర్రలు కట్టి, మెట్లు మైనంతో అతికిస్తారు. ఆయనది పన్నెండు మెట్ల కిన్నెర. దాని చివర ఓ పిట్టబొమ్మ. తీగ మీటినప్పుడల్లా, కొత్త అల్లుడి మాటలకి అత్తగారిలా, తల ఊపుతుంది! నవ్వొచ్చింది. పండుగ సాయన్న కథ అందుకునేసరికి ఆ నవ్వు కాస్తా మరిచిపోయాను. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటలో వినిపించిన గొంతు ఇదే. 2022లో పద్మశ్రీ వచ్చింది.

అక్కణ్ణుంచి ఫోను మన ఉమ్మడి గుంటూరు జిల్లాకే తీసుకొచ్చింది. పొన్నెకల్లు షేక్ నాజర్‌గారి బుర్రకథ. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో అల్లూరి సీతారామరాజు కథ చెప్పిందాయనే. 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూశారు. భుజాన తంబురా, వేలికి అందె, కాళ్ళకి గజ్జెలు, నోట కథ. ఒకేసారి నాలుగు పనులు మనకీ కొత్తకాదనుకోండి. కాకపోతే మనం పాలు పొంగిస్తాం, ఆయన తాళం తప్పడు. పక్కన వంతలిద్దరిలో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం.

ఇంత మంచిదీ చూపించిన ఫోనే ఇంకోటీ చూపించింది. 2024లో మొగులయ్యగారు హైదరాబాదు దగ్గర ఇళ్ళు కట్టేచోట కూలిపని చేస్తున్న వీడియో. దాన్నీ బోలెడుమంది చూశారు. చూసినవాళ్ళ లెక్క పెరిగితే పొయ్యి వెలగదు కదండీ!

మా ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి తడుతుంది. 1892లో అలెగ్జాండర్ రీ అనే దొర ఇక్కడి బౌద్ధస్తూపం తవ్వితే రాతిపెట్టెలు దొరికాయి. వాటిమీద చెక్కిన బ్రాహ్మీ అక్షరాలు రెండువేల ఏళ్ళు దాటినా నిలిచే ఉన్నాయి. పాటకి అలాంటి రాయి లేదు. పాడే మనిషే దానికి పెట్టె. ఆ మనిషి కూలికెళ్తే పాటా వెంట వెళ్ళిపోతుంది. పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లవాడు మటుకు ఎందుకు మిగులుతాడు?

మొన్న మా ఇంట్లో ఓణీల వేడుక మాట వచ్చింది. డీజేకి అడిగినంతా ఒప్పుకున్న మావారు, బుర్రకథ దళం అనేసరికి "కాస్త తగ్గించమను" అన్నారు.

వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తారు. "పాటలపెట్టెకి లేని బేరం పాడే మనిషికెందుకురా? పెట్టె అన్నం తింటుందా?"

మావారు మాట్లాడలేదు. దళానికి అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. మీ ఇళ్ళలోనూ వేడుకలుంటాయిగా, ఆలోచించండి.