మా బండి లెక్కల పుస్తకం

ఆదివారం పొద్దున మా ఇంట్లో టీవీ పెట్టాల్సిన పని లేదు. టిఫిను అయినాక వాకిట్లో కానుగ చెట్టు కింద మా తాత, నాయన, చిన్నాయన, మామ నలుగురూ చేరుతారు. కాఫీ లోటాలు ఖాళీ అయ్యేలోపలే వాదం మొదలవుతుంది. అది ఎప్పుడూ ఒకటే వాదం. ఎవరి బండి మంచిది?

మా ఊరు హోసూరుకూ బాగలూరుకూ నడుమ ఉంది. చుట్టూ రోజా తోటలు. బెంగళూరు నలభై కిలోమీటర్ల దూరం. పువ్వులకీ, కూరగాయలకీ, ఆసుపత్రికీ, పెళ్లిళ్లకీ అందరికీ బండి కావాలి. అందుకే మా వైపు బండి గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ.

మా తాత 1978 నుంచి 1999 దాకా బాడుగకు అంబాసిడర్ నడిపినాడు. ఆయన దృష్టిలో దాని తరువాత వచ్చినవేవీ బండ్లు కావు. "ఒక స్పానరు, ఒక ఇనుప తీగ ఉంటే చాలు. నడి అడవిలో నిలబడినా నేనే సరి చేసుకొని ఇంటికొస్తా ఉంటి. ఇప్పటి బండ్లకి కంప్యూటరు పెట్టి చూస్తే కానీ రోగమేందో తెలీదు" అంటాడు. అంబాసిడర్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారయ్యేదనీ, ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును చూసి చేసిందనీ, 2014లో తయారీ ఆగిపోయిందనీ నేను చదివి చెప్పినాను. తాత కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత "ఆగిపోయింది తయారీ కదా, బండి కాదు కదా" అన్నాడు.

చిన్నాయనది మారుతి 800. మొదటి మారుతి 800 రోడ్డు మీదికి వచ్చింది 1983 డిసెంబరులో. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను. తాత దాన్ని అగ్గిపెట్టె అంటాడు. చిన్నాయనకు కోపం రాదు. "అగ్గిపెట్టే. అందుకే బరువు లేదు. బరువు లేదు కాబట్టే పెట్రోలు తాగదు. లీటరుకు ఇరవై రెండు ఇస్తుంది" అంటాడు. మామ రోజా పూల వ్యాపారి. ఆయనకు పాత క్వాలిస్ ఉంది. అది మనకు దగ్గరలోని బిడదిలో తయారైన బండి. "ఇంటిల్లిపాదీ ఎక్కినా, పూల బుట్టలు ఎక్కినా మొగం తిప్పుకోదు" అని ఆయన మాట.

మా నాయన బండి పేరు మాత్రం నేను ఇక్కడ రాయను. పేరు రాస్తే చదివేవాళ్లలో సగం మంది ఆ కంపెనీ పక్షం, సగం మంది ఎదుటి పక్షం చేరిపోతారు. నేను చెప్పాలనుకున్నది ఎవరికీ వినపడదు. తెల్లని డీజిల్ బండి అని మాత్రం చెబుతాను. సెకండ్ హ్యాండుగా కొన్నది. నాయన దాని గురించి ఒకటే మాట అనేవాడు. "నా బండి ఇంతవరకూ దోవలో నిలబడలేదు."

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల టీచరు సరాసరి పాఠం చెప్పి, ఇంట్లో ఏదైనా ఒక విషయం గురించి మూడు నెలలు వివరాలు సేకరించి సరాసరి కట్టుకొని రమ్మన్నారు. నేను మా బండిని ఎంచుకున్నాను. డీజిల్ ట్యాంకు నిండా పోయించి మీటరు చూసి రాసుకోవాలి. మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోవాలి. నడుమ నడిచిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించాలి. మొదటిసారి 544 కిలోమీటర్లకు 32 లీటర్లు. అంటే లీటరుకు 17. మూడు నెలల సరాసరి 16.4 వచ్చింది. నాయన అందరికీ ఇరవై అని చెబుతూ ఉండేవాడు. పుస్తకం చూపిస్తే నవ్వి "టౌను లోపల తిరిగినాం కదా పాపా" అన్నాడు.

చిన్నాయన బండికీ అట్లే కట్టి చూస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. "నాకి తెలుసు. రాసి చూడాల్నా?" అన్నాడు.

ప్రాజెక్టు అయిపోయినా నేను రాయడం మానలేదు. తేదీ, మీటరు, లీటర్లు, రూపాయలు, రిపేరి అని అయిదు కాలమ్‌లు ఉండేవి. రాస్తూ ఉంటే నాకు ఒక సంగతి అర్థమైంది. మా వాళ్లు నలుగురూ ఒకే మాట మీద పోట్లాడటం లేదు. తాతకు మంచి బండి అంటే తానే బాగు చేసుకోగలిగే బండి. చిన్నాయనకు ఖర్చు తక్కువైన బండి. మామకు ఎక్కువ మంది పట్టే బండి. నాయనకు నిలబడకుండా పోయే బండి. నలుగురికీ నాలుగు అర్థాలు ఉంటే వాదం ఎట్లా తెగుతుంది?

పోయిన సంవత్సరం దసరా సెలవుల్లో సేలంలో ఒక పెళ్లికి పోయినాము. తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం ఎండ. సేలం నుంచి ధర్మపురికి వచ్చేటప్పుడు తొప్పూరు కనుమ ఎక్కాలి. మా బండిలో ఆరు మంది ఉన్నాము. ఏసీ వేసి ఉంది. చిన్నాయన మారుతి మాకంటే ముందు పోతా ఉంది. దాన్ని దాటాలని నాయన పట్టుదల.

ముందు సీట్లో కూర్చున్న తాత ఉన్నట్టుండి "ఒరే, వేడి ముల్లు పైకి పోతా ఉండాది. ఆపురా" అన్నాడు.

"ఇప్పుడు ఆపితే వాడు ఆరు నెలలు చెప్పుకుంటాడు నాయనా" అన్నాడు మా నాయన.

చిన్నాయన బండిని దాటినాము. అందరం చప్పట్లు కొట్టినాము. నేను కూడా కొట్టినాను. ఇంకొంచెం దూరం పోయేసరికి ముందు నుంచి తెల్లగా ఆవిరి లేచింది. బండి నిలబడిపోయింది. మూత తీయడానికి నాయన చెయ్యి పెడితే తాత చెయ్యి పట్టి లాగినాడు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు మొగం మీదికి చిమ్ముతాయి. వెనక వచ్చిన చిన్నాయన బండి ఆపి, నీళ్ల క్యాన్ తీసుకొని పరుగెత్తి వచ్చినాడు. ఆయన నవ్వలేదు. ఆరు నెలలు కాదు, ఆరు నిముషాలు కూడా దాని గురించి మాట్లాడలేదు.

మెకానిక్ అన్న ఇంజను విప్పి చూపించినాడు. బయలుదేరేటప్పుడే రేడియేటర్‌లో నీళ్లు తక్కువగా ఉన్నాయంట. ఇంజను వేడిని మోసుకుపోయేది ఆ నీళ్లే. అవి లేక, ఎక్కువ వేడికి పైనున్న అల్యూమినియం హెడ్ వంగింది. హెడ్‌కూ కింది భాగానికీ నడుమ ఉండే గ్యాస్కెట్టు కాలింది. హెడ్‌ను చదును చేయించి గ్యాస్కెట్టు మార్చినారు. దీంట్లో కంపెనీ తప్పు ఏమీ లేదు. పొద్దున మూత తీసి నీళ్లు చూడకపోవడం ఒక తప్పు. ముల్లు లేచినా ఆపకపోవడం రెండో తప్పు.

అప్పటి నుంచి నేను పుస్తకంలో ఆరో కాలమ్ గీసినాను. దాని పేరు "నీళ్లు". జనవరిలో రెండుసార్లు, అరలీటరు చొప్పున పోసినాము. ఏప్రిల్‌లో నాలుగుసార్లు. మే నెలలో ఆరుసార్లు. కింద చుక్క కూడా కారదు. కానీ పొద్దున బండి తీస్తే సైలెన్సరులో తెల్లని ఆవిరి. అంటే నీళ్లు ఇంజను లోపలికే పోతున్నాయి. నాయనకు రెండుసార్లు చెప్పినాను. "ఎండకాలం కదా పాపా" అన్నాడు.

ఈ జూన్‌లో మా అక్కకు నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి బండి అమ్మాలని నాయన నిర్ణయించినాడు. బ్రోకరన్న వచ్చి చూసి ఒక లక్షా నలభై వేలకు అమ్మిస్తానన్నాడు. పోతూ పోతూ "నీళ్లు నింపి పెట్టు అన్నా. అయిదారు కిలోమీటర్లు ఓట్టి చూపిస్తే ఏమీ తెలీదు" అని మెల్లగా చెప్పినాడు. నాయన ఏమీ అనలేదు. నేను వాకిట్లో పువ్వులు కడుతూ విన్నాను.

మరుసటి ఆదివారం బేరికె వైపు నుంచి ఒకాయన వచ్చినాడు. బండి చుట్టూ తిరిగి చూసినాడు. నడిపి చూసినాడు. వాళ్లమ్మకు కిడ్నీలు పని చెయ్యవంట. "వారానికి రెండుసార్లు బెంగళూరుకి డయాలిసిస్‌కి పిలుచుకొని పోవాలన్నా. బస్సులో ఆమె కూచోలేదు. దోవలో నిలబడకుండా ఉంటే చాలు, ఇంగేమీ వద్దు" అన్నాడు.

నాయన అలవాటు చొప్పున "నా బండి రాజా మాదిరి పోతుందన్నా. మైలేజీ కావాలంటే మా పాప రెండేండ్లుగా రాసి పెట్టుండాది. పాపా, ఆ పుస్తకం తీసుకురా" అన్నాడు. ఆరో కాలమ్ సంగతి ఆయనకు ఆ నిముషంలో గుర్తు లేదు.

నేను లోపలికి పోయి పుస్తకం తీసినాను. అమ్మ వంటింట్లో నుంచి "బిన్నా ఇచ్చి రా. ఫీజుకి ఇంగ పది దినాలే ఉండేది" అంది. అక్క కాలేజీ నుంచి వచ్చిన కాగితం చదువుకుంటా ఉంది. నిజం చెబుతాను. చివరి నాలుగు పేజీలు పట్టుకొని చింపేద్దామా అని నాకు అనిపించింది. పేజీలు వేళ్ల నడుమ పట్టుకున్నాను కూడా. అప్పుడు తొప్పూరు కనుమ గుర్తుకొచ్చింది. ఆవిరి లేచినప్పుడు మా బండిలో ఎవరికీ జబ్బు లేదు. మేము రోడ్డు పక్కన చెట్టు నీడలో కూర్చోగలిగినాము. ఆ అవ్వ కూర్చోగలదా?

నేను పుస్తకాన్ని మే నెల పేజీ దగ్గర తెరిచి, వచ్చినాయనకు కాకుండా నాయన చేతికి ఇచ్చినాను. ఇచ్చేది ఆయనే కావాలని నాకు అనిపించింది.

నాయన ఆ పేజీ చూసినాడు. చాలాసేపు చూసినాడు. బ్రోకరన్న దగ్గినాడు. నాయన తల ఎత్తకుండానే పుస్తకం వచ్చినాయన ముందుకు జరిపి, "ఇది చూడండన్నా. హెడ్ ఒకసారి విప్పినాము. ఇప్పుడు మళ్లీ నీళ్లు తాగుతా ఉండాది. మీ అమ్మకి ఈ బండి వద్దు" అన్నాడు.

ఆయన పుస్తకం మొత్తం తిరగేసినాడు. బండి కొనలేదు. పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి పోయినాడు.

కథల్లో అయితే ఆ వెంటనే మంచి జరగాలి. మాకు అట్లా జరగలేదు. బ్రోకరన్న కోపంతో మళ్లీ రాలేదు. నాయన రెండు దినాలు నాతో మాట్లాడలేదు. చివరికి శూలగిరి వైపు ఒక రైతు, అంతా తెలిసే, తొంభై అయిదు వేలకు తీసుకున్నాడు. తోట నుంచి మండీకి టమోటాలు వేసుకొని పోవడానికి చాలని, హెడ్ తానే చేయించుకుంటానని చెప్పినాడు. అంటే నలభై అయిదు వేలు తక్కువ. దానికి అమ్మ గాజులు కుదువకు పోయినాయి. అక్క ఫీజు కట్టినాము. గాజులు ఇంకా రాలేదు. అమ్మ ఖాళీ చేతులు చూసినప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది. నేను చేసింది తప్పని మాత్రం అమ్మ ఒక్కసారి కూడా అనలేదు.

మూడో దినం రాత్రి నాయన నా పక్కన కూర్చొని, "ఏప్రిల్‌లో నువ్వు చెప్పినప్పుడే నేను వినుంటే ఇంత కాదు పాపా" అన్నాడు. అంతే అన్నాడు. నాకు అది చాలు.

ఆదివారం వాదం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మాకు బండి లేకపోయినా నాయన వాదానికి వస్తాడు. కానీ ఇప్పుడు ఎవరైనా "నా బండి ఇంత ఇస్తుంది" అంటే చాలు, "రాసినావా?" అని అడుగుతాడు. పోయిన నెల చిన్నాయన కూడా ట్యాంకు నిండా పోయించి లెక్క కట్టించుకున్నాడు. పద్దెనిమిదిన్నర వచ్చింది. తాత అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఏ బండి మంచిదని నన్ను ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను పేరు చెప్పను. పొద్దున మూత తీసి నీళ్లు చూసేవాడి బండి మంచిది. ముల్లు లేస్తే సిగ్గుపడకుండా ఆపేవాడి బండి మంచిది. అమ్మేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడి బండి, పాతదైనా మంచిదే.

నాయన ఇప్పుడు మోపెడ్ మీద అంగడికి పోతున్నాడు. దానికి ఒక కొత్త నోటు పుస్తకం కొని తెచ్చినాడు. ఈసారి కాలమ్‌లు నేను గీయలేదు, ఆయనే గీసినాడు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టినాను. ఆరు.