పాత తుపాకులు: ఒక వస్తుపాఠము

మనుష్యునకు వృత్తితోబాటు వేఱొక వ్యాసంగముండుట మేలని పెద్దలు చెప్పుదురు. కొందఱు తపాలా బిళ్లలను, కొందఱు పాత నాణెములను కూర్చుకొందురు. నా వ్యాసంగ మేమని యడిగి, నేను చెప్పిన సమాధానము వినిన తలిదండ్రులు మాత్రము ఒక యడుగు వెనుకకు వేయుదురు. నేను పాత ఒంటిగొట్టపు తుపాకులను సేకరించి, త్రుప్పు తుడిచి, విఱిగిన కట్టెలకు మాఱుగా క్రొత్తవి చెక్కి యమర్చుచుందును. బడిపంతులునకు తుపాకులతో నేమి పని యని శంకించువారి కొఱకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా టేకులపల్లి పేరులోనే టేకు గలదు. 2016వ సంవత్సరమువఱకు ఖమ్మము జిల్లాలోను, అటుపిమ్మట భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోను జేరిన యీ ప్రాంతము అడవి యంచున నున్నది. 1972వ సంవత్సరమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చుటకు పూర్వము ఇటువంటి యూళ్లలో వేట సామాన్యమైన విషయము. కోయవారు విల్లమ్ములతో వేటాడెడివారు; తుపాకి గలవారికడ నుండినది తఱచుగా బర్మారు. గొట్టపు మూతినుండి మందు, గుడ్డపీలిక, సీసపు రవలు వరుసగా నింపి, కడ్డీతో దట్టించి, వెనుకవైపున చిన్న టోపీ నమర్చి కాల్చెడు తుపాకికి బర్మారని పేరు. 1946 మొదలు 1951 వఱకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటమునందు గ్రామదళముల చేతిలోను ఇట్టివి యుండెను.

నాయొద్ద మూడు తుపాకులు కలవు. మొదటిది బర్మారే. దాని నిచ్చిన వృద్ధునకు ఎడమచేత మూడు వ్రేళ్లు మాత్రమే యున్నవి. యౌవనమున నొకనాటి రాత్రి, అదివఱకే నింపియున్న సంగతి మఱచి, రెండవమారు మందు నింపి కాల్చెనట. గొట్టము క్రిందిభాగమును పట్టికొనునది యెడమచేయి గావున, గొట్టము పగిలినప్పుడు ఆ చేతికే దెబ్బ తగిలెను. “పంతులుగారూ, దీనిని మీ పిల్లలకు చూపుడు. నా చేతిని గూడ చూపుడు” అని యాయన నాతో ననెను. తుపాకి ఖాళీగానున్నదో లేదో తెలిసికొనుటకు పూర్వులకొక సులభోపాయము గలదు. కడ్డీని గొట్టములోనికి జాఱవిడిచి, ఖాళీ తుపాకిలో నది యెంతవఱకు దిగునో అచ్చట నొక గీటు పెట్టుదురు. గీటు మూతికి పైన నిలిచినయెడల లోపల మందున్నదన్నమాట. ఆ గీటును చూచుటకు పట్టునది ఒక్క నిమిషము మాత్రమే.

రెండవదాని గొట్టముపై పాము కుబుసమువంటి గీతలు గలవు. ఇనుమును ఉక్కును సన్నని కడ్డీలుగా జేసి, మెలిపెట్టి, ఒక శలాకపై చుట్టి, కాల్చి సమ్మెటతో నతికినందున ఆ గీతలు పుట్టును. చూచుటకు బహు సుందరము. కాని అతుకులమధ్య త్రుప్పు చేరినచో బయటికి కానరాదు. ఈ రెండును ఇక ప్రేలవు. 1959 నాటి ఆయుధముల చట్టము 45వ విభాగము ననుసరించి, బాగుచేసినను కాల్చుటకు వీలులేని పురాతన తుపాకులకు ఆ చట్టము వర్తింపదు. అధికారులకు చూపి, ఇవి యట్టివేయని నిశ్చయించుకొనిన తరువాతనే వీనిని ఇంట నుంచుకొంటిని. నా పనితనమంతయు వీని కట్టెలమీదనే. బర్మారునకు టేకుకట్టె చెక్కుటకు రెండు వేసవి సెలవులు పట్టినవి. ప్రేలు తుపాకి యంత్రమును బాగుచేయుటకు లైసెన్సు గలవాడే యర్హుడు. అందులో నేను వ్రేలు పెట్టను.

మూడవది మా నాయనగారి పండ్రెండు బోరు తుపాకి. బోరనగా నేమో మన విద్యార్థులు తెలిసికొనదగును. ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాముల సీసమును పండ్రెండు సమానమైన గోళములుగా జేసినచో, అందొక గోళము సరిగా పట్టు గొట్టమే పండ్రెండు బోరు. దాని వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరువది గోళములు చేసినచో ఒక్కొక్కటి చిన్నదగును గనుక ఇరువది బోరు వ్యాసము 15.6 మిల్లీమీటర్లే. సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగుట కిదియే కారణము.

నాయన మరణానంతరము ఆ తుపాకిని పోలీసుఠాణాలో నప్పగించి, వారసుడనుగా దరఖాస్తు పెట్టి, లైసెన్సు నా పేర వచ్చినపిమ్మట ఇంటికి దెచ్చుకొంటిని. ఆ యేడు మా తమ్ముని మొక్కజొన్న చేనిమీద అడవిపందులు పడెను. పందిని చంపుట కనుమతి లేదు. ఆకాశమువైపు ఒకటి రెండు తూటాలు కాల్చి బెదరింపుమని వాడు నన్ను బ్రతిమాలెను. క్రొత్త తూటా నొకటి గొట్టములో నుంచి చూచి, “అన్నా, సరిగా పట్టినది గదా! ఇంకేమి సందేహము?” అనెను. పంట వాని బిడ్డల చదువునకు ఆధారము. అయినను కొలిపింపక కాల్చనని చెప్పితిని. వాడు మాటాడక వెడలిపోయెను.

తుపాకిని హైదరాబాదునందు లైసెన్సుగల నిపుణునికి చూపితిని. దానిపై బర్మింగుహాము పరీక్షాలయపు ముద్రలు గలవు. 1813లో నేర్పడిన ఆ పరీక్షాలయమునందు, అమ్మకమునకు ముందే ప్రతి గొట్టమును మామూలుకంటె బలమైన మందుతో కాల్చి, నిలిచినదానికే ముద్ర వేయుదురు. నిపుణుడు తూటా గదిని కొలిచి 65 మిల్లీమీటర్లని చెప్పెను. మా తమ్ముడు తెచ్చినవి 70 మిల్లీమీటర్ల తూటాలు. తూటాపై వ్రాయు కొలత కాల్చినపిదప దాని పొడవు. కాల్చకముందు మూతి మడిచియుండుటచే నది పొట్టిగానుండి, చిన్న గదిలోను హాయిగా పట్టును. కాల్చగనే మూతి విచ్చుకొని, గది దాటి ముందున్న ఇఱుకులోనికి చొచ్చి, రవలు పోవు దారిని మఱింత ఇఱుకుచేయును. లోపలి యొత్తిడి హెచ్చును. పైగా మా తుపాకి గొట్టము లోపల త్రుప్పు తిని పలుచబడియున్నదట. దీనిని కాల్చవలదని యాయన ఖండితముగా చెప్పెను.

ఆ యేట అరయెకరము పంట పోయినది. తమ్ముడు డప్పులతోను మంటలతోను మిగిలిన చేనిని కాచుకొనెను. నేనును కొన్ని రాత్రులు మంచెపై వానికి తోడుంటిని. అతడు నాతో మునుపటివలె మాటాడుటకు సంక్రాంతివఱకు పట్టెను. ఒకనాడు తానై వచ్చి, బర్మారు పగిలినచోటును వ్రేలితో తడవి చూచి, ఏమియు ననక కూర్చుండెను.

శిక్షణ కళాశాలలో మాకు వస్తుపాఠమను బోధనాపద్ధతిని నేర్పిరి. వస్తువును ఎదుట నుంచి, దానిని చూచి, కొలిచి, పిమ్మట మాటాడవలెను. ఈ తుపాకులు నాకు నేర్పినదియు నదియే. పట్టుట వేఱు, తగుట వేఱు. పట్టినదా లేదా యని కన్ను చెప్పును. తగునా తగదా యని కొలత చెప్పవలెను.

విద్యార్థులారా! మీ యింటి యటకమీదనో, దూలము సందుననో తాతలనాటి తుపాకి యున్నచో దానిని ముట్టకుడు, మూతిలోనికి తొంగిచూడకుడు. అది ఖాళీయని యెవరు చెప్పినను నమ్మకుడు. పెద్దలతో చెప్పి పోలీసువారికి తెలియజేయుడు. లైసెన్సు లేక ప్రేలు తుపాకి నుంచుకొనుట నేరము. తుపాకిని చూడవలెనను కుతూహలమున్నచో, ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో, వచ్చు ప్రదర్శన దినమున ఆ రెండు మూగతుపాకులను బడికి దెత్తును. కడ్డీపై గీటు పెట్టు విధమును మీచేతనే చేయింతును.