కారు కోసం కాలువ గట్టు మీద

కాకినాడ నుంచి ఆత్రేయపురం వైపు రావాలంటే యానాం మీదుగా రానక్కర్లేదు. రామచంద్రపురం, మండపేట దాటి రావులపాలెం చేరుకుని, అక్కణ్నుంచి కాలువ గట్టు పట్టుకుంటే చాలు. ఎవరైనా పనిగట్టుకుని యానాం చుట్టు తిరిగి వస్తున్నారంటే దానికి కారణమేమిటో మా గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు.

పోయిన సంక్రాంతికి ముందు శనివారం సాయంత్రం నేను అలాగే చుట్టు తిరిగాను. వెనక సీట్లో నాన్నగారి కోసం రెండు కిలోల కాకినాడ కాజాలు. పక్క సీట్లో ఆఫీసు మిత్రుడు. ఇద్దరం యానాంలో గోదావరి ఒడ్డున ఆగాం. "ఒక్కటే" అనుకుని మొదలుపెట్టాం. ఆ తర్వాత లెక్క మీకు తెలిసిందే.

యానాం సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఊరు. 1929లో బాల్యవివాహాలు చేస్తే నేరమంటూ బ్రిటిషువాళ్లు శారదా చట్టం తెస్తే, చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని తీసుకుని ఇక్కడికొచ్చి పెళ్లిళ్లు చేసుకు వెళ్లేవాళ్లు. కల్యాణపురం అనే పేరు కూడా పడింది. 1995లో ఎన్టీ రామారావుగారు మద్యనిషేధం పెట్టినప్పుడు కూడా మనవాళ్ల చూపు ఇటే. 1997లో నిషేధం ఎత్తేసినా ఆ అలవాటు మాత్రం పోలేదు. ఇవతల చెల్లనిది అవతల చెల్లుతుందన్న భరోసా మా జిల్లాలవాళ్లకి తరతరాలుగా ఉంది. నాకూ ఉంది. కాకపోతే తాగింది అవతల అయినా, నడపాల్సింది ఇవతలే కదా!

యానాం నుంచి ఎదుర్లంకకి గౌతమీ గోదావరి మీద జి.ఎం.సి. బాలయోగి వారధి ఉంది. వంతెన లేని రోజుల్లో పంటు మీద దాటేవాళ్లు. తాగినవాడైనా, తాగనివాడైనా పంటువాడు నడిపితే కూర్చోవడమే. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో మనమే దాటేస్తాం. ఆ రాత్రి వంతెన దాటుతుంటే గోదావరి గాలి మొహానికి తగిలి, నేను చాలా బాగా నడుపుతున్నానని అనిపించింది. తాగినవాళ్లందరికీ అలాగే అనిపిస్తుందట. తర్వాత తెలిసింది.

హైవే మీద కొంతదూరం రాగానే బారికేడ్లు, ఎర్ర లైటు.

"ఊదండి సార్. గట్టిగా... ఇంకా గట్టిగా..."

మీటరు మీద 94 అని పడింది. చట్టం ఒప్పుకునేది వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అంటే దానికి మూడింతలు దాటి ఉన్నాను. 

మా గోదావరి జిల్లాల్లో పట్టుకునేవాళ్లు కూడా మర్యాదగానే పట్టుకుంటారు. "తాగనోళ్లు, లైసెన్సున్నోళ్లు ఎవరన్నా ఉంటే పిలిపించుకోండి సార్, బండి వాళ్లకి అప్పచెప్పేస్తాం" అన్నాడు ఎస్సై. పక్కనున్న మిత్రుడు నాకంటే రెండు ఎక్కువే వేశాడు. మా ఆవిడకి స్కూటీ తప్ప కారు రాదు. వచ్చినా ఆ టైములో ఆవిడకి ఫోన్ చేయడానికి మొహం చెల్లదు. మిత్రుడి బావమరిది అమలాపురం నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు గాని అతనికీ కారు లైసెన్సు లేదు. చివరికి కారు స్టేషనుకి, నా లైసెన్సు ఎస్సై జేబులోకి వెళ్లిపోయాయి.

"సోమవారం కోర్టుకి రండి సార్. బండి ఎవరి పేరున ఉందండి?"

"మా నాన్నగారి పేరున."

"అయితే ఆయన్ని కూడా తీసుకురండి. బండి ఓనరుకే ఇవ్వాలి కదండీ. ఆయ్."

అప్పుడు దిగింది మత్తు.

మా నాన్నగారు ఇరిగేషన్ శాఖలో లస్కరు. కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం రాయడం ఆయన పని. ముప్పయ్యేళ్లు సైకిలు మీదే గట్టు వెంబడి తిరిగారు. నేను మొదటిసారి కారు కొన్నప్పుడు, ఆర్సీ మీద ఆయన పేరుండాలని పట్టుబట్టాను. నా గొప్ప కోసమే అనుకోండి. ఆయన ఆ కార్డు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకుని, ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. నేను దాని జిరాక్సు పెట్టుకుని తిరుగుతున్నాను.

ఆదివారం ఊరెళ్లి చెప్పాను. ఏం తిడతారో అనుకున్నాను. తిట్టలేదు. లేచి వెళ్లి పెట్టె తీసి, ఆర్సీ, ఆధారు కార్డు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, "రేపు ఎన్నింటి బస్సుకి వెళ్లాలిరా?" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేదనిపించింది.

సోమవారం పొద్దున్నే రావులపాలెం బస్సెక్కాం. ఆ రోడ్డు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర, బొబ్బర్లంకలో మొదలయ్యే మధ్య డెల్టా కాలువ పక్కనే నడుస్తుంది. ఒకపక్క నిండుగా కాలువ, ఇంకోపక్క పల్లంలో చేలు, కొబ్బరితోటలు. జనవరి కాబట్టి దాళ్వా నాట్లు పడుతున్నాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసినప్పుడు ఈ కాలువల్ని పొలాలకే కాదు, పడవలకి కూడా తవ్వారు. అందుకే లాకులు. గట్లు పడవల్ని లాగే మనుషులు నడవడానికి సరిపోయేవి. ఆ గట్ల మీదే ఇప్పుడు మనం తారు పోసి, ఎనభైలో కార్లు తోలుతున్నాం.

నేను కారులో ఆ దారిన వందసార్లు వెళ్లుంటాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో! చాలాచోట్ల గట్టు అంచుకీ నీళ్లకీ మధ్య ఒక తుమ్మచెట్టు తప్ప ఏమీ లేదని అప్పుడే చూశాను.

నాన్నగారు బయటికి చూస్తూ కూర్చున్నారు. ఒక మలుపు దగ్గర, "ఇక్కడ అంబాసిడరు" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఇంకో కిలోమీటరు పోయాక, "ఇక్కడ ఆటో. పెళ్లివారు." మళ్లీ కాసేపటికి, "ఈ రావిచెట్టు దగ్గర రెండు." రెండు ఏమిటో నేను అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు. లొల్ల లాకులు వచ్చేదాకా అలా ఐదు చోట్లు చూపించారు. ఈ లాకుల్ని మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ఫొటోలు దిగడానికి జనం కార్లేసుకుని వస్తారు. మా నాన్నగారికి మాత్రం అది వేరే లెక్క. కాలువలో పడ్డది ఏదైనా కొట్టుకొచ్చి చివరికి లాకు తలుపుల దగ్గరే ఆగుతుంది.

రావులపాలెంలో బస్సు మారి, కొత్తపేట మీదుగా అమలాపురం వైపు వెళ్లాం. అమలాపురంలో మిత్రుడి బావమరిది కలిసి, కోర్టు దగ్గరికి తీసుకెళ్లాడు.

కోర్టు వరండాలో నాలాంటివాళ్లు పదిహేనుమంది ఉన్నారు. పండగ ముందు శనివారం కదా. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఫోన్లు చూసుకుంటున్నారు. కుర్రాళ్లే ఎక్కువ. తండ్రిని వెంటబెట్టుకుని వచ్చిన నలభై నాలుగేళ్లవాణ్ని నేనొక్కణ్నే.

నా పేరు పిలిచారు. తప్పు ఒప్పుకుంటున్నారా అని అడిగారు. ఒప్పుకుంటున్నానండి అన్నాను. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేలు జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ల దాకా, పదిహేను వేలు. 2019 సెప్టెంబరుకి ముందు మొదటిసారి జరిమానా రెండువేలే ఉండేది. నాకు పదివేలు వేశారు. లైసెన్సు సస్పెన్షను కోసం రవాణా శాఖకి వెళ్తుందని చెప్పారు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాన్నగారు వెనక బల్ల మీద ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఇంకో ముక్క కూడా చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని పట్టుకుని ఉంచేసుకోకూడదని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. పక్కన తాగని మనిషి లైసెన్సుతో ఉంటే అతనికి ఇవ్వాలి, లేకపోతే బంధువుల్ని పిలిపించాలి, ఎవరూ రాకపోతేనే స్టేషనుకి తరలించి, తర్వాత కాగితాలు చూసి ఇచ్చేయాలి అని. మనది వేరే హైకోర్టు అయినా, ఆ రాత్రి ఎస్సై నన్ను మొదట అడిగింది అదే. పిలవడానికి నాకే మనిషి లేడు. తప్పు బండిది కాదు, చట్టానిదీ కాదు.

మధ్యాహ్నం స్టేషనుకి వెళ్లాం. వెనకున్న ఖాళీస్థలం చూస్తే మనసు అదోలా అయింది. తుప్పు పట్టిన మోటారు సైకిళ్లు, తీగ పాకిన ఆటో, ముందు భాగం లోపలికి పోయిన ఒక తెల్ల కారు. దాని అద్దానికి గణపతి బొమ్మ ఇంకా అతికించే ఉంది. బండ్లని ఏళ్ల తరబడి స్టేషన్లలో కుళ్లబెట్టొద్దని, త్వరగా యజమానులకి అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కానీ కొన్ని బండ్లకి తీసుకెళ్లేవాళ్లే మిగలరు. ఆ తెల్ల కారు పక్కనే, ఒక్క గీత కూడా పడకుండా, నా కారు ఉంది.

కాగితాలన్నీ చూశారు. జరిమానా రసీదు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషను సర్టిఫికెట్టు, ఓనరు ఆధారు. పొల్యూషను గడువు పదిరోజుల్లో అయిపోతుందని కానిస్టేబులే గుర్తుచేశాడు. రిజిస్టరు నాన్నగారి ముందుకి జరిపి, "ఇక్కడ సంతకం పెట్టండి బాబాయ్‌గారూ" అన్నాడు. ముప్పయ్యేళ్లు నీటి లెక్కల రిజిస్టర్లలో పెట్టిన సంతకమే, తెలుగులో, నిదానంగా పెట్టారు.

"మీ అబ్బాయేనాండీ?" అన్నాడు కానిస్టేబులు.

"మా అబ్బాయేనండి" అన్నారు.

ఆ ఒక్క మాట దగ్గర నేను తల దించుకున్నాను. పదివేలు కట్టినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

తాళం ఇస్తూ కానిస్టేబులు మొహమాటంగా అన్నాడు: "వెనక సీటు నిండా చీమలు పట్టేశాయండి. స్వీట్లున్నట్టున్నాయి. తీసేద్దావనుకున్నాం గానండి, కేసులో ఉన్న బండి కదా, ముట్టుకోకూడదండి."

నాకు లైసెన్సు లేదు కాబట్టి నడపడానికి లేదు. బావమరిది ఒక యాక్టింగ్ డ్రైవర్ని మాట్లాడాడు. ఊరిదాకా తిరుగు చార్జీతో కలిపి పదిహేను వందలు. ఆ రాత్రే ఇలాంటి డ్రైవరు ఒకణ్ని పెట్టుకుని ఉంటే జరిమానా పదివేలూ మిగిలేవి. నా కారులో మొదటిసారి నేను వెనక సీట్లో, నాన్నగారి పక్కన, చీమలు దులుపుకుంటూ కూర్చున్నాను.

లొల్ల లాకుల దగ్గర "కాస్త ఆపు నాయనా" అన్నారు డ్రైవరుతో. దిగి, లాకు గోడ పట్టుకుని నిలబడ్డారు. నేనూ దిగాను. నీళ్లు తలుపుల కిందనుంచి హోరుమని పోతున్నాయి.

"ఎండాకాలం కాలువ కట్టేస్తాం కదా" అన్నారు. "నీళ్లు తీశాక అడుగున ఏమేం ఉన్నాయో చూస్తాం. ఒక ఏడాది మోటారు సైకిలు కనపడింది. మనిషి అంతకుముందే దొరికాడు. బండి మాత్రం బురదలో ఉండిపోయింది. బయటికి లాగితే, హ్యాండిలుకి కూరల సంచీ తగిలించి ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది."

కాసేపు ఆగి, "ఎవరో ఇంటిదగ్గర కూరల కోసం చూస్తూ ఉండుంటార్రా" అన్నారు.

నేనేం మాట్లాడలేదు. మాట్లాడ్డానికి ఏముంది? ఆ శనివారం రాత్రి నన్ను పట్టుకోకపోయి ఉంటే, అర్ధరాత్రి దాటాక ఈ గట్టు మీదికే వచ్చేవాణ్ని. వెనక సీట్లో కాజాల పొట్లంతో.

కారెక్కాక ఆయన పొట్లం విప్పారు. "పారేద్దాం నాన్నగారూ, చీమలు" అన్నాను. వినలేదు. ఒక కాజా తీసుకుని, నోటితో ఊది, చీమలు దులిపి, కొరికారు. పాకం కారి ఆయన పంచె మీద పడింది.

"బానే ఉన్నాయి" అన్నారు.

ఇప్పుడు మా ఊరికి మండపేట మీదుగానే వస్తున్నాను. లైసెన్సు తిరిగొచ్చేదాకా బస్సులో వచ్చాను, ఆ తర్వాత కారులో. గట్టు ఎక్కాక నాన్నగారు చూపించిన ఆ ఐదు చోట్లూ వస్తాయి. అక్కడికి రాగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్తోంది.