కొండలు లేని ఊరి నుంచి

మా రేపల్లె ప్రాంతంలో పుట్టిన పిల్లలకు కొండ అంటే మొదట తెలిసేది డ్రాయింగు పుస్తకంలోనే. రెండు త్రికోణాలు, మధ్యలో సూర్యుడు. రేపల్లె నుంచి తెనాలి దాకా ఎత్తు అని చెప్పుకోదగ్గది భట్టిప్రోలు స్తూపం దిబ్బ ఒక్కటే. బాపట్ల వైపు పోతే అదీ లేదు, సూర్యలంక ఇసుక మీదుగా నేరుగా సముద్రంలోకే. నేను మొట్టమొదట చూసిన అసలు కొండ మంగళగిరి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బస్సు కిటికీలోంచి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

అటువంటి నేను ఈ ఏడాది ఎన్.సి.సి. తరఫున ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణకు పేరు ఇచ్చానంటే హాస్టలు అంతా నవ్వింది. నవ్వితే నవ్వారు. చిక్కంతా నాన్నగారి సంతకం దగ్గర వచ్చింది. ప్రమాదం జరిగితే బాధ్యత మాదే అని తల్లిదండ్రులు రాసివ్వాల్సిన కాగితం అది. ఆ ఒక్క వాక్యం చదివి నాన్న కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

అమ్మను ఒప్పించడానికి 'పూర్ణ' సినిమా చూపించాను. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా ఆ యాత్రలోనే శిఖరం చేరాడు. భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి అంతదూరం వెళ్లారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. పని అయిందనుకున్నాను. అంతలో నాన్న అన్నారు: "మరి మస్తాన్ బాబు సంగతో?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగం నుంచి బయల్దేరి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఆపైన ఖరగపూర్ ఐ.ఐ.టి., కలకత్తా ఐ.ఐ.ఎం. దాటి, ఉద్యోగం వదిలి కొండలు పట్టిన మల్లి మస్తాన్ బాబును ఎవరు మరిచిపోతారు? 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ శిఖరం మీద ఒంటరిగా ఉండగా వాతావరణం తిరగబడింది. ఏప్రిల్ మొదట్లో శవం దొరికింది. ఆ వార్త వచ్చిన రోజున నాన్న పేపరు మడిచిపెట్టి అన్నం తినకుండా లేచిపోయారట. అమ్మ చెప్పింది.

మస్తాన్ బాబుకు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో కూడా తెలుసుకున్నాను. అదే కోరుకొండ పాఠశాలలో చదివిన లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు ఆయనకు స్ఫూర్తి. 1985 అక్టోబరులో మన సైన్యం ఎవరెస్టు మీదికి పంపిన దళంలో భాస్కరరావు ఉన్నారు. మేజర్ కిరణ్ కుమార్ జారిపడి పోయారు. తరువాత సౌత్ కోల్ దగ్గర, దాదాపు 7,900 మీటర్ల ఎత్తున, తుపాను గాలిలో చిక్కి నలుగురు చనిపోయారు. ఆ నలుగురిలో మన తెలుగు లెఫ్టినెంటు ఒకరు. ఒక చావు విని ఇంకొకడు కొండ ఎక్కాడన్నమాట. ఈ సంగతి నాన్నకు చెప్పలేదు. చెబితే కాగితం చించేసేవారే.

దసరా సెలవుల్లో ఇంటి దగ్గర 'ఎవరెస్ట్' అనే ఇంగ్లీషు సినిమా చూస్తున్నాను. 2015లో వచ్చిందది. 1996 మే 10, 11 తేదీల్లో జరిగిన దుర్ఘటన దాని కథ. తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. ఇంగ్లీషు రాదు, కాబట్టి నేను చెబుతూ పోయాను. మధ్యాహ్నం రెండు దాటితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది నియమం. డగ్ హాన్సెన్ అనే పోస్టాఫీసు ఉద్యోగి అంతకుముందు ఏడాది శిఖరం దగ్గరదాకా పోయి తిరిగొచ్చాడు. ఈసారి కూడా ఆలస్యమైంది. నాలుగు దాటాక శిఖరం చేరాడు. దళనాయకుడు రాబ్ హాల్ అతన్ని తిప్పి పంపలేకపోయాడు. సప్లిమెంటరీ మీద సప్లిమెంటరీ రాసినవాళ్లకు హాన్సెన్ మనసు చెప్పక్కర్లేదు!

అప్పుడు తుపాను వచ్చింది. శిఖరం దగ్గర గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికే దానిలో మూడో వంతే. సిలిండర్లు అయిపోయాయి. రాబ్ హాల్ మర్నాడు అక్కడినుంచే, న్యూజిలాండులో ఉన్న గర్భిణి భార్యతో రేడియో ద్వారా మాట్లాడాడు. బెక్ వెదర్స్ అనే డాక్టరును చచ్చిపోయాడని మంచులో వదిలేస్తే, లేచి తనంతట తాను గుడారానికి నడిచొచ్చాడు. కుడిచేయి, ఎడమచేతి వేళ్లు, ముక్కు పోయాయి, మనిషి మిగిలాడు. అదే తుపానులో ఉత్తరం వైపు నుంచి ఎక్కిన మన ఐ.టి.బి.పి. జవాన్లు ముగ్గురు, సమాన్లా, మోరుప్, పల్జోర్, తిరిగి రాలేదు. సినిమా నడిచింది దక్షిణం వైపు. మనవాళ్ల కథ మనమే చెప్పుకోవాలి కాబోలు.

తాతయ్య అప్పటిదాకా "ఊఁ" కొడుతున్నారు. హాన్సెన్ పడిపోయే చోట ఆపమన్నారు.

"ఆయన ఆ రెండోవాడి చెయ్యి ఎప్పుడు వదిలాడమ్మా?"

"వదల్లేదు తాతయ్యా. ఈయన చూడకుండా వాడే జారిపోయాడు."

"అందరం అట్టాగే చెబుతాం," అన్నారు.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన రోజున తాతయ్య కృష్ణ అవతల, దివిసీమలో అక్కయ్యగారింట ఉన్నారు. రాత్రంతా తుమ్మచెట్టు పట్టుకుని బతికారని మాకు తెలుసు. ముళ్ల మచ్చలు భుజం మీద ఇప్పటికీ కనపడతాయి. ఆ ఉప్పెనలో పదివేలమంది దాకా పోయారని లెక్క. ఆ చెట్టు మీద తాతయ్యతోపాటు ఇంకెవరైనా ఉన్నారా అని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు. నేనూ అడగలేదు. సినిమా మిగతాది ఆయన చూడలేదు. లేచి వసారాలోకి వెళ్లారు.

మర్నాడు పొద్దున నన్ను పిలిచి, ఆ కొండ మీద తాడు ఎంత లావుంటుంది, ఎవరు కడతారు అని అడిగారు.

"మాకే నేర్పుతారు తాతయ్యా."

"వాళ్లు నేర్పేదాకా ఎందుకు?" అంటూ పశువుల కొట్టంలోంచి పలుపుతాడు తెచ్చారు. పడవ కట్టే ముడి, తడిసినా జారని ముడి, ఒంటిచేత్తో వేసే ముడి. మూడోది నాకు రెండు రోజులైనా పట్టుబడలేదు. నాన్న వరండాలో పేపరు చదువుతూ మా వంక చూడనట్లే కూర్చున్నారు. కాగితం బీరువా మీద ఉంది. గడువు ఇంకా పదకొండు రోజులు.