గొళ్ళెం లేని తలుపు

కిందటి దసరా సెలవులకి మా ఎనిమిదేళ్ళ పాపను తీసుకుని అమ్మావాళ్ళింటికి బయల్దేరాను. దారిలో బస్సు మారాలి. బస్టాండులో ఆడవాళ్ళ మరుగుదొడ్ల దగ్గర పెద్ద వరస. మూడు తలుపుల్లో ఒకదానికి తాళం, మిగిలిన రెండింటికీ లోపల గొళ్ళెం లేదు. ఒకరు లోపలికెళితే వెనకున్నవాళ్ళు తలుపు పట్టుకుని నిలబడాలి. మనకిది అలవాటేగా.

మా వెనక ఒక ట్రాన్స్‌జెండర్ వచ్చి నిలబడింది. "ఇటెందుకొచ్చినవ్? అటు పో" అని వరసలో ఒకావిడ మగవాళ్ళ వైపు చెయ్యి చూపించింది. "అటు పోతే ఏమైతదో నీకు తెల్వదా అక్కా?" అందామె, మెల్లగానే.

మా వంతు వచ్చింది. "పాపను తీస్కొని పో అక్కా, తలుపు నేను పట్టుకుంట" అంది. నేను మాట్లాడకుండా పాప చెయ్యి పట్టుకుని వరసలోంచి బయటికొచ్చేశాను.

ఆమె కూడా మా పల్లెవెలుగు బస్సే ఎక్కింది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్ళతో పాటు ట్రాన్స్‌జెండర్లకీ ఛార్జీ లేదు. కండక్టరు ఆధార్ చూసి నాకొకటి, ఆమెకొకటి జీరో టికెట్ కొట్టాడు. మా పక్కన చోటున్నా ఆమె వచ్చి కూర్చోలేదు. "అమ్మా, ఆ ఆంటీ మనల్నేం చేసింది?" అనడిగింది పాప. జవాబు చెప్పలేకపోయాను.

తర్వాత ఈ చట్టాల గురించి కొంచెం చదివాను. నిజాం కాలం నాటి చట్టం ఒకటుండేదట. ఇలాంటివాళ్ళు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చట. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో! తాము ఆడో మగో మరొకరో చెప్పుకునే హక్కు వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. వాళ్ళకు వేరే మరుగుదొడ్లు కట్టించమనీ అప్పుడే చెప్పింది. 2019 చట్టం దాన్ని కలెక్టరు ఇచ్చే ధ్రువపత్రంతో ముడిపెట్టింది. స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే ఆపరేషన్ ఆధారం కూడా కావాలంది.

ఎవరి నోటి మాటతో వాళ్ళు ఆడవాళ్ళయిపోతే, రేపు ఏ మగవాడో చీర కట్టుకుని మన మధ్యకి రాడా అని మా ఇంట్లోనే అడిగారు. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. బస్సుల్లో, జాతరల్లో మనం పడ్డవి మనకు తెలుసు. ఆడపిల్లలు బట్టలు మార్చుకుని నిద్రపోయే హాస్టళ్ళు, జైళ్ళ విషయంలో రూలు రాసేముందు అక్కడ ఉండేవాళ్ళనీ అడగాలి, ట్రాన్స్ మహిళలనీ అడగాలి.

కానీ ఆ మరుగుదొడ్డి దగ్గర నన్నెవరూ ఏ కాగితమూ అడగలేదు. చెడ్డ ఉద్దేశంతో వచ్చేవాడు కలెక్టరు సంతకం కోసం ఆగడు కూడా. మనకక్కడ కావలసింది గొళ్ళెం, లైటు, పిలిస్తే పలికే ఒక మనిషి. వాటిని అడగాల్సిన చోట అడక్కుండా, వెనక నిలబడ్డ మనిషిని తరిమితే నాకు రక్షణ దొరికిందా? ఇద్దరం రెండు గంటలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాం, అంతే. ఆమెకు ఆ తర్వాతైనా వంతు వచ్చిందో లేదో తెలియదు.

నిన్న పాపను కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఆ ఆంటీ మనల్నేమీ చెయ్యలేదమ్మా. నేనే భయపడ్డాను."

"మరి తలుపు పట్టుకోనిస్తే అయిపోయేదిగా! నాకెంత అర్జెంటో తెలుసా?" అంది.