ఇంకొక్క గరిటె

మీ ఇంటికి భోజనానికొచ్చినవాళ్ళు "చాలండీ" అని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే మీరేం చేస్తారు? ఆ వేళ్ళసందులోంచే ఇంకో గరిటె వడ్డిస్తారు, అవునా? నేనూ అంతే. కొసరి కొసరి వడ్డించకపోతే పెట్టినట్టే ఉండదు నాకు. ఆ అలవాటు సముద్రాలు దాటి వెళ్ళి, రెండు వారాలపాటు మానుకోవలసి వచ్చింది.

మా అమ్మాయి టొరంటోలో పిల్లల నర్సు. ఏటా జులైలో సెలవు పెట్టి, షుగరున్న పిల్లల కోసం నడిపే ఒక క్యాంపులో జీతం లేకుండా పనిచేస్తుంది. 2023లో నేను తన దగ్గరికి బయల్దేరుతుంటే, "ఒక్కదానివీ ఇంట్లో కూర్చుని ఏం చేస్తావమ్మా, వంటింట్లో మనుషులు కావాలిట, నువ్వూ రా" అంది. పిల్లల మధ్య మసిలేవాళ్ళు ఎవరైనా సరే పోలీసు సర్టిఫికెట్ తేవాలిట. ఈ వయసులో నామీద కేసులేమీ లేవని కాగితం పుచ్చుకోవడానికి నేను ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే మావారు నెల్లాళ్ళు నవ్వారు.

టొరంటో నుంచి ఉత్తరంగా మూడు గంటల ప్రయాణం. చుట్టూ అడవి, మధ్యలో సరస్సు, చెక్కగదులు. పెద్దదాన్నని కింది మంచం ఇచ్చారు. స్లీపింగ్ బ్యాగులో దూరి జిప్పు లాక్కుంటే బస్తాలో పోసిన వడ్లలా ఉంది నా పని. రాత్రి తొమ్మిదయినా వెలుతురు పోదు. పోయాక లూన్ అనే నీటిపక్షి మొదలెడుతుంది. మొదటిరాత్రి ఆ కూత విని ఎవరో ఆడమనిషి ఏడుస్తోందనుకుని లేచి కూర్చున్నాను. ఇక దోమలంటారా, మన గోదావరి దోమలకి స్వయానా అక్కచెల్లెళ్ళు.

తిండికి ఇబ్బంది పడతానేమోనని ఆవకాయ సీసా, పల్లీ చిక్కీ పట్టుకెళ్ళాను. దిగీదిగగానే రెండూ తీసుకుని, నా పేరు రాసి, ఆఫీసు బీరువాలో పెట్టేశారు. వేరుశనగ పడని పిల్లలుంటారు కాబట్టి చిక్కీ సరే, ఆవకాయేం చేసిందన్నాను. కెనడాలో వేరుశనగతోపాటు నువ్వులు, ఆవాలు కూడా ఎలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నాయిట. నువ్వులనూనె, ఆవపిండి తీసేస్తే ఆవకాయలో మిగిలేదేమిటో మీరే చెప్పండి!

తెల్లవారుజామున అయిదున్నరకే వంటింట్లో ఉండాలి. పని నాకు కొత్త కాదు. కొత్తల్లా తక్కెడ. అన్నం, మెకరోనీ, రొట్టె, పండుముక్క అన్నీ తూచో, కప్పుతో కొలిచో పెట్టాలి. ముప్ఫయ్యేళ్ళుగా కంటి కొలతతో నెగ్గుకొచ్చినదాన్ని, నాకు నామోషీగానే అనిపించింది. అసలు సంగతి మా అమ్మాయి రాత్రి కూర్చోబెట్టి చెప్పింది. ఈ పిల్లలది మనలాంటి పెద్దవాళ్ళకొచ్చే షుగరు కాదు, టైపు వన్. తీపి ఎక్కువ తిన్నందుకు వచ్చింది కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే దాదాపుగా ఆగిపోతుంది. అందుకని ముద్ద నోట్లో పెట్టుకునే ముందే, అందులో పిండిపదార్థం ఎన్ని గ్రాములో లెక్కకట్టి దానికి తగ్గ ఇన్సులిన్ తీసుకోవాలి. కప్పు అన్నానికి ఇంచుమించు 45 గ్రాములు. నేను ప్రేమగా వేసే ఆ ఇంకొక్క గరిటె లెక్క తప్పిస్తుంది. లెక్కకట్టినంతా తినకపోతే ఇంకా ప్రమాదం.

వినడం వేరు, బుర్రకెక్కడం వేరు కదండీ. నాకు మూడోరోజున ఎక్కింది.

తొమ్మిదేళ్ళుంటాయేమో, ఎర్రజుట్టు పిల్ల. మధ్యాహ్నం మెకరోనీ సగం వదిలేసి, ప్లేటు నావైపు తోసి, ఎవరికీ చెప్పొద్దన్నట్టు పెదాలమీద వేలు పెట్టుకుంది. మిగిల్చినదెంతో చూసి ఆ మేరకు పళ్ళరసం తాగించాలన్నది అక్కడి నియమం. నాకు తెలుసు. తెలిసికూడా, "పోనీలే తల్లీ, తినలేకపోతోంది" అనుకుని ప్లేటు తీసుకెళ్ళి చెత్తడబ్బాలో దులిపేశాను.

గంట తర్వాత పడవలరేవు దగ్గర దాని చేతికున్న సెన్సారు మోగింది. వేలు గుచ్చి చూశారు. 3.1. అక్కడి లెక్క వేరు, మన లెక్కలో దాదాపు 56. నేను వెళ్ళేసరికి మొహం పాలిపోయి, చెమటలు పట్టి, చేతులు వణుకుతూ గట్టుమీద కూర్చుని ఉంది. 15 గ్రాముల చక్కెరకు సరిపడా రసం తాగించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూశారు. చాల్లేదు. ఇంకోసారి తాగించారు. అరగంటలో ఆ పిల్ల ఏమీ జరగనట్టు పరుగెత్తింది. నా కాళ్ళు మాత్రం కదల్లేదు. ఆ కాసేపూ అది నీళ్ళలో, పడవమీద ఉండుంటేనో?

పెద్ద నర్సు దగ్గరికెళ్ళి జరిగింది చెప్పేశాను. ఇంటికి పొమ్మంటుందనుకున్నాను. ఆవిడ రాసుకుని, "చెప్పినందుకు థాంక్స్. రేపట్నుంచి ఆ పిల్ల ప్లేటు మీరే చూడండి" అంది. ఆ తర్వాత పదకొండు రోజులూ ఆ ప్లేటు ముందు నేను కానిస్టేబుల్లా నిలబడ్డాను. ఎర్రజుట్టుది నాతో రెండురోజులు మాట్లాడలేదు లెండి.

ఆ పిల్లలు అన్నాల దగ్గర కూర్చుని, చొక్కా కాస్త ఎత్తి సూది పొడుచుకుంటూ కబుర్లాడతారు. పంపున్నవాళ్ళు మీటలు నొక్కుకుంటారు. మన పిల్లలు మార్కులడిగినట్టు "నీకెంత?" "ఎనిమిది" అనుకుంటారు. ఆ ఊళ్ళోనే, టొరంటోలో, 1921లో ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ కుర్రాడికి తొలిసారి ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లల్ని పస్తులుంచి కొన్నాళ్ళు నిలబెట్టడం తప్ప వైద్యం లేదుట. ఇదంతా మా అమ్మాయి చెబుతుంటే నేను వేరే ఆలోచనలో ఉన్నాను.

మా చెల్లెలి కూతురికి పదేళ్ళప్పుడు ఇదే జబ్బొచ్చింది. ఇప్పుడు ఇరవై రెండు. సంబంధాలు చెడిపోతాయని మా చెల్లెలు కన్నవాళ్ళకి తప్ప చెప్పలేదు. పెళ్ళిళ్ళకెళ్తే ఆ పిల్ల పెట్టె పైట చాటున పెట్టుకుని బాత్రూముకి వెళ్ళి, గడియ పెట్టుకుని పొడుచుకుంటుంది. బంతిలో అందరం దాన్ని బలవంతపెట్టి వడ్డించేవాళ్ళం. వద్దంటే "సన్నబడాలనుకుంటున్నావా" అని వేళాకోళం. అందరికంటే ఎక్కువ బలవంతపెట్టింది నేనే. తెలిసీ.

తిరిగొచ్చాక తల్లీకూతుళ్ళని భోజనానికి పిలిచాను. గుత్తివంకాయ, పప్పుచారు, పెరుగు. అన్నం కప్పుతో కొలిచి దాని కంచంలో పెట్టి, "నలభై అయిదు" అన్నాను మెల్లిగా. అది తలెత్తి నావంక చూసింది. బాత్రూము వైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కొచ్చి, పెట్టె తీసి భోజనాల బల్లమీద కంచం పక్కన పెట్టింది.

మా చెల్లెలు గబగబా లేచి వీధివైపు కిటికీ మూసేసింది.