రెండు పాతకార్లు

మా యిల్లు నల్లమల పాదమునందలి మహానందిలో నున్నది. మా నాయనగారికి తుంటియెముక విరిగి యతికినది మొదలు నెలకు రెండుమారులు నంద్యాల వైద్యునియొద్దకు గొనిపోవలసి యుండెను. దారి సుమారు 15 కిలోమీటర్లు; అయినను ప్రతి కుదుపును వారికి శూలమే.

మా యింట రెండు పాతకార్లు గలవు. ఒకటి తాతగారి అంబాసిడరు. రెండవది చిన్నాయనగారి ప్రీమియర్ పద్మిని. కలకత్తా చెంత ఉత్తరపారాలో తయారైన మొదటిది ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డునకును, బొంబాయి కుర్లాలో తయారైన రెండవది ఇటలీవారి ఫియట్ 1100 నకును సంతతి. పద్మిని నిర్మాణము 2001 నాటికే యాగెను. అంబాసిడరు 2014 వఱకు సాగెను. రెంటిని బాగుచేయించుటకు మాకు ధనము చాలదు. ఒకదాని నమ్మక తప్పదు. ఏది యుంచవలెను?

ఒక యాదివారమున రెంటిని పరీక్షించితిమి. నాయనగారికి బదులు వెనుకసీటున వడ్లమూట నుంచి, ప్రక్కన కూర్చున్న తమ్ముని చేతికి అంచులవఱకు నీరు నింపిన చెంబు నిచ్చితిమి.

మొదట గాజులపల్లె మీదుగా గిద్దలూరు కనుమదారి పట్టితిమి. పద్మిని యంజను 1089 ఘనపు సెంటీమీటర్లది; బండి బరువు రమారమి 900 కిలోగ్రాములే. మలుపులలో అది చెప్పినట్లు తిరిగెను, ఒరుగుట స్వల్పము. కాని యెక్కుడులో మాటిమాటికి గేరు తగ్గింపవలసి వచ్చెను. అంబాసిడరు యంజను 1489 ఘనపు సెంటీమీటర్లది. తొందర యెఱుగక, గేరు మార్పు లంతగా కోరక బరువు లాగెను. అయితే మలుపు మలుపునకు ప్రక్కకు వాలి, చెంబులోని నీటిని తమ్ముని యొడిలో నొలికించెను. రెంటికిని నాలుగు చక్రములకు డ్రమ్ము బ్రేకులే. అవి వేడెక్కిన పట్టు తగ్గును గనుక దిగుడున చిన్నగేరులోనే దిగితిమి. కనుమలో గెలుపు పద్మినిదే యని తమ్ముడు తీర్పు చెప్పెను.

పిదప నంద్యాల దారిలో, నల్లరేగడి కుంగి గుంతలుపడిన చోట్ల నడపితిమి. ఇచ్చట తీర్పు తాఱుమాఱయ్యెను. రెంటికిని వెనుక కమానుకట్టలే యైనను, తేలికయైన పద్మిని గుంతగుంతకు నెగిరిపడెను. బరువైన అంబాసిడరు ఊగుచు సాగెనేగాని యదరలేదు. చెంబులో సగమునకు పైగా నీరు మిగిలెను.

సంగతి విని నాయనగారు నవ్వి, "నాకు పందెము వద్దురా నాయనా, నొప్పి లేకుండ ఇల్లు చేరితే చాలు" అనిరి. రెండు బండ్లలోను వారిని మెల్లగా కూర్చుండబెట్టి చూచితిమి. అంబాసిడరు తలుపు వెడల్పు, సీటు ఎత్తు. వారు నడుము వంచకయే యెక్కిరి. పద్మినిలో ఇద్దరు పట్టుకొనవలసి వచ్చెను.

అంబాసిడరు నుంచుకొంటిమి. పెట్రోలు అది యెక్కువ త్రాగును; ఇరుకు వీధిలో దాని త్రిప్పుటకు భుజబలము కావలెను. ఆ కష్టము నడపువారిది, రోగిది కాదు. దినదినము కనుమ దాటు గిద్దలూరి ఉపాధ్యాయు లొకరు పద్మినిని కొనిరి. వారి దారికి అదియే తగినది.

బాలలారా, ఈ రెండు కార్లలో నేది గొప్పదని మమ్మడిగిన, ఏ దారిన, ఎవరిని గొనిపోవుటకని మేము మరల నడుగుదుము. అది తెలియక చేసిన పోలిక వట్టి వాదమే.